గుట్టూ, గడువూ

“ఇంటి గుట్టు లంకకు చేటు” అన్న సామెత మన ఇళ్ళలో వినని బిడ్డ ఉండడు. విభీషణుడు ఇంటి గుట్టు బయటపెట్టాడు గనుక లంక చెడిందని దానికి అర్థం చెప్పుకుంటాము. మాకు మాత్రం చిన్ననాటి నుంచీ ఈ సామెత మీద ఒక సందేహం ఉన్నది. విభీషణుడు తిన్నగా సముద్రం దాటి రాముడి దగ్గరకు పోలేదు గదా! ముందుగా అన్నగారికే చెప్పాడు. చెప్పి చెప్పి, నిండుసభలో అవమానం పొంది, ఇక వినేవారు లేరని తేలిన తరువాతనే గడప దాటాడు. తప్పు కనిపెట్టినవాడు ముందు ఎవరికి చెప్పాలి, ఎంతకాలం ఓపిక పట్టాలి, వినకపోతే ఏమి చెయ్యాలి అన్న మూడు ప్రశ్నలూ ఆ కథలోనే ఉన్నవి.

ఈ మూడు ప్రశ్నలే నేడు కంప్యూటర్ల లోకంలో, అందులోనూ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరు తయారుచేసేవారి మధ్య, నిత్యం నలుగుతున్నవి. మేము యంత్రవిద్య చదివినవారం కాము. బరంపురంలో ముప్పై ఏళ్ళు పద్దులు రాసి విశ్రాంతి తీసుకుంటున్నవారం. అయినా మా ఇంటి పిల్లవాడొకడు ఆ పనిలో ఉండటం వల్ల, అతన్ని అడిగీ, కొంత చదివీ తెలుసుకున్న సంగతులు మన సంఘం కుటుంబాలకు పనికివస్తాయని రాస్తున్నాము. కంప్యూటరు పని చేసే అబ్బాయో అమ్మాయో లేని ఇల్లు మనలో ఈనాడు అరుదు గదా.

ముందు ఓపెన్ సోర్స్ అంటే ఏమిటో చెప్పుకోవాలి. వంటకం అమ్మి, వంటవిధానం దాచుకొనే హోటలువాడు ఒకడు. వంటవిధానం కాగితం మీద రాసి గోడకు అంటించి, ‘ఎవరైనా చదువుకోండి, వండుకోండి, ఉప్పు తక్కువైతే దిద్దండి’ అనేవాడు మరొకడు. ఓపెన్ సోర్స్ ఈ రెండవ తరహా. 1991లో ఫిన్లాండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన లినక్స్ అటువంటిదే. మన చేతుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్లకు పునాది అదే. బ్యాంకుకు, రైలు టిక్కెట్లకు, కరెంటు బిల్లుకు మనం తెరిచే పేజీల వెనుక కూడా ఇటువంటి సాఫ్ట్‌వేరు ఏదో ఒకటి ఉంటుంది. రాసేవారిలో జీతం తీసుకొనేవారు కొందరు, సాయంత్రం పూట సరదాకు రాసేవారు కొందరు.

ఇక్కడే మాకు చిక్కు వచ్చింది. అంతా బహిరంగమే అయినప్పుడు లోపాలు మాత్రం గుట్టుగా చెప్పుకోవడం ఏమిటి? మా మేనల్లుణ్ణి ఇదే అడిగాము. అతను నవ్వి, “మావయ్యా, మీ పక్కింటి పెరటి తలుపు గడియ ఊడిపోయిందని మీకు కనబడింది. వాళ్ళు ఊళ్ళో లేరు. వీధిలో నిలబడి కేక వేస్తారా, ఫోను చేసి చెబుతారా?” అన్నాడు. ఫోనే చేస్తామన్నాము. “అంతే. ఇక్కడ తేడా ఏమంటే, అదే గడియ లక్ష ఇళ్ళకు ఉంటుంది” అన్నాడు.

ఆ మీదట పని నడిచే తీరు చెప్పాడు. మామూలు లోపాలైతే అందరూ చూసే పుస్తకంలో రాస్తారు. దొంగకు కన్నంగా పనికివచ్చే లోపానికి మాత్రం వేరే చిరునామా ఉంటుంది. ఆ ఉత్తరం నలుగురైదుగురు నమ్మకస్తులకే చేరుతుంది. ఎవరికి, ఎలా రాయాలో చెప్పే ఒక చిన్న కాగితం ప్రతి మంచి ప్రాజెక్టూ తన మూలం పక్కనే ఉంచుతుంది. ఇటువంటి పనులకు పెద్ద సంతగా ఉన్న గిట్‌హబ్, 2023 నుంచి, గుట్టు ఉత్తరాలకు తాళం వేసిన పెట్టె వంటి ఏర్పాటును అందరికీ ఇచ్చింది.

ఉత్తరం రాగానే ‘అందింది’ అని జవాబు రాయడం మొదటి మర్యాద. తరువాత అది నిజమైన లోపమా, రాసినవారి పొరపాటా అని పరీక్ష. నిజమైతే ఎంత ప్రమాదమో లెక్క. ఆ పైన దానికొక సంఖ్య. దీన్ని సి.వి.ఇ. సంఖ్య అంటారు. ఒకే లోపాన్ని పదిమంది పది పేర్లతో పిలిచి గందరగోళం చెయ్యకుండా 1999లో అమెరికాలోని మైటర్ సంస్థ ఈ పట్టిక మొదలుపెట్టింది. ఆ తరువాత మరమ్మతు రాయడం, దాన్ని డెబియన్, రెడ్ హ్యాట్ వంటి పంపిణీదారుల చెవిన ముందుగా వేయడం. అనుకున్న రోజున మరమ్మతూ ప్రకటనా ఒక్కసారే బయటకు వస్తాయి. లోపం కనిపెట్టినవారి పేరు ఆ ప్రకటనలో కృతజ్ఞతతో వేస్తారు. చాలామందికి దక్కే ప్రతిఫలం ఆ ఒక్క పంక్తే.

మరమ్మతును కూడా దాచడమెందుకని చదువరులకు తోచవచ్చు. మాకూ తోచింది. మూలం అందరికీ కనబడుతుంది గనుక, అందులో దిద్దిన పంక్తి కూడా కనబడుతుంది. “కొత్త తాళం ఎక్కడ పడిందో చూస్తే చాలు మావయ్యా, పాత తాళం ఎలా తెరుచుకుంటుందో దొంగ పట్టేస్తాడు” అన్నాడు మావాడు. అందుకని దిద్దుబాటును వేరే గదిలో చాటుగా రాసి, చివరి క్షణాన తెచ్చి అతికిస్తారు.

ఈ పద్ధతి విలువ లోకానికి బాగా తెలిసింది 2014లో. ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. అని, మనం పంపే రహస్యాలను దారిలో ఎవరూ చదవకుండా మూటకట్టే సాఫ్ట్‌వేరు ఒకటున్నది. దానిలో 2012 నుంచి ఒక లోపం నిద్రపోతున్నది. చిన్న మాట అడిగి పెద్ద జవాబు కావాలంటే, యంత్రం తన జ్ఞాపకంలోంచి 64 కిలోబైట్ల దాకా తీసి అడిగినవాడి చేతిలో పెట్టేది. అందులో సంకేతపదాలే ఉండవచ్చు, తాళంచెవులే ఉండవచ్చు. గూగుల్‌లో పనిచేసే నీల్ మెహతా దీన్ని కనిపెట్టారు. 2014 ఏప్రిల్ 1న ఆ మాట గుట్టుగా ప్రాజెక్టువారికి చేరింది. కొద్దిరోజులకే ఫిన్లాండులోని కోడెనామికాన్ అనే సంస్థ అదే లోపాన్ని తనంతట తాను కనిపెట్టింది. ఏప్రిల్ 9న ప్రకటిద్దామని అనుకున్న ప్రాజెక్టువారు, ఇద్దరికి తెలిసినది మూడోవాడికి తెలియడానికి ఎంతసేపని, 7వ తేదీనే మరమ్మతు విడుదల చేశారు. హార్ట్‌బ్లీడ్ అనే పేరుతో పత్రికలన్నీ రాసినది దీని గురించే.

ప్రపంచంలో సగం బజారు నమ్ముకున్న ఆ ప్రాజెక్టుకు ఏటా వచ్చే విరాళాలు అప్పటికి సుమారు 2,000 డాలర్లు. రోజంతా దాని మీదే పనిచేసే మనిషి ఒక్కడు. పద్దులు రాసిన చేతికి ఈ అంకె చూస్తే వణుకు పుట్టింది. రావిచెట్టు కింద వెయ్యిమంది సేద తీరుతున్నారు, నీళ్ళు పోసేవాడు మాత్రం ఒక్కడన్నమాట.

ఇక గడువు సంగతి. గుట్టుకు గడువు లేకపోతే అది గుట్టు కాదు, పాతిపెట్టడం. వెనుకటి రోజుల్లో కొందరు వ్యాపారులు లోపం చెప్పినా ఏళ్ళ తరబడి పట్టించుకొనేవారు కారు. ఈ నిర్లక్ష్యానికి విరుగుడుగా పుట్టినదే గడువు. అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1988లో నెలకొన్న సెర్ట్ కేంద్రం 45 రోజుల గడువు పెట్టుకున్నది. గూగుల్‌వారు 2014లో స్థాపించిన ప్రాజెక్ట్ జీరో 90 రోజులిస్తుంది. లినక్స్ పంపిణీదారుల గుట్టు చావడిలో 14 రోజులకు మించి ఏ సంగతీ దాచరాదని నియమం. లినక్స్ మూలాన్ని చూసేవారికి ఇంకా తొందర. మరమ్మతు సిద్ధమైన తరువాత మామూలుగా ఏడు రోజులకంటే ఆగరు. చెవిలో చెప్పిన మాటకు కూడా కాలెండరు ఉండటం మాకు ఎంతో నచ్చింది. మన కుటుంబాల్లో చాలా తగవులు గడువు లేని గుట్ల వల్లనే ముదిరినవి కావూ?

ఈ గడువు ఒక ఇంట్లో ఎలా ఉంటుందో మేము కళ్ళారా చూశాము. రెండేళ్ళ క్రితం సంక్రాంతికి మా మేనల్లుడు బెంగళూరు నుంచి వచ్చాడు. పగలు ఉద్యోగం, రాత్రిళ్ళు బొమ్మల ఫైళ్ళు చదివే ఒక చిన్న ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరు. దాన్ని చూసుకొనేవారు ప్రపంచం మొత్తం మీద ముగ్గురు. ఒకరు జర్మనీలో, ఒకరు బ్రెజిల్‌లో, మూడోవాడు మావాడు. భోగినాటి ముందురాత్రి అతనికొక ఉత్తరం వచ్చింది. అప్పటి నుంచి మనిషి మనిషిగా లేడు. భోగిమంట దగ్గర నిలబడలేదు. అరిసె విరిచి చేతిలో పట్టుకొని మరిచిపోయేవాడు. మేడ మీద గదిలో తెల్లవారుజాము దాకా దీపం.

మా చెల్లెలు కంగారుపడింది. “అన్నయ్యా, వీడి ఉద్యోగం పోయినట్టున్నది, నాతో చెప్పడం లేదు” అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నది. మరునాటికి, ఎవరో పిల్ల సంగతి కాబోలునని అనుమానం మారింది. మేము పిలిచి అడిగితే, “మావయ్యా, ఉద్యోగం బాగానే ఉన్నది. పెళ్ళి సంగతి కాదు. ఇంకొక తొమ్మిది రోజులు నన్నేమీ అడక్కండి. అబద్ధం చెప్పలేను, నిజం చెప్పకూడదు” అన్నాడు. ఆ మాట విని మేము మారు మాట్లాడలేదు. పద్దుల్లో తేడా కనబడినప్పుడు కౌంటరు దగ్గర కేక వెయ్యకుండా మేనేజరు గదిలోకి వెళ్ళి చెప్పిన రోజులు మాకూ కద్దు. ఆ రాత్రి ఇంట్లో వాళ్ళకు అన్నం సహించదు.

కనుమ వెళ్ళింది, పిల్లవాడు బెంగళూరు వెళ్ళాడు. చెప్పిన తొమ్మిదో రోజు రాత్రి ఫోను వచ్చింది. “విడుదల చేశాము” అన్నాడు. తయారుచేసిన బొమ్మ ఒకటి పంపితే, దాన్ని తెరిచిన యంత్రం పంపినవాడి మాట వినే లోపమట. కనిపెట్టినది పోలండులో ఒక విద్యార్థి. ఆ కుర్రవాడు డబ్బు అడగలేదు. తన పేరులో అక్షరాల మీద ఉండే గీతలు తప్పు లేకుండా వేయమని మాత్రం అడిగాడట. మావాడు ఆ పేరు నాలుగుసార్లు సరిచూసి వేశాడు. “నీ పేరో?” అని మా చెల్లెలు అడిగింది. “దిద్దినవాడి పేరు ఎందుకమ్మా, లోపం ఉన్నదే మా దగ్గర” అన్నాడు. ఆమెకు అర్థం కాలేదు గాని, ఉద్యోగం పోలేదు గదా అని దేవుడికి దీపం పెట్టింది.

మందు సిద్ధం కాకముందే రోగం వీధిన పడితే ఏమవుతుందో చెప్పడానికి మన అక్షరమే సాక్షి. అది ఓపెన్ సోర్స్ కథ కాదు, ఆపిల్ కంపెనీ సొంత సాఫ్ట్‌వేరు కథ. అయినా చెప్పకుండా ఉండలేము. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం, ‘జ్ఞానం’ అన్న మాటలోని ‘జ్ఞా’, కంటికి కనబడని ఒక గుర్తుతో కలిసి వస్తే ఐఫోన్లలో సందేశాల అప్లికేషన్లు కూలిపోయేవి. ఈ సంగతి మరమ్మతుకంటే ముందు ఊరంతా పాకింది. ఆకతాయిలు ఆ అక్షరాన్ని ఒకరికొకరు పంపుకున్నారు, తమ పేర్లలో పెట్టుకున్నారు. ఫిబ్రవరి 19న ఆపిల్‌వారు సవరణ విడుదల చేసేదాకా వేడుక నడిచింది. జ్ఞానమే ప్రమాదకరమని కొందరు నవ్వుకున్నారు. అక్షరం తప్పేమీ లేదు, దాన్ని పేర్చవలసిన యంత్రానికి మన గుణింతం సరిగా రాలేదు.

అయితే ముందు ఇంటివారికే చెప్పాలన్న నియమానికి కూడా ఒక మినహాయింపు ఉన్నది. ఇంట్లోవాడే దొంగ అయితే? 2024లో అదే జరిగింది. ఎక్స్‌జెడ్ అని, ఫైళ్ళను కుదించే చిన్న సాఫ్ట్‌వేరు ఒకటి. దాన్ని మోస్తూ అలిసిపోయిన ఒక్క మనిషికి సాయం చేస్తానని జియా టాన్ అనే పేరుతో ఎవరో వచ్చారు. రెండేళ్ళకు పైగా బుద్ధిగా పనిచేసి నమ్మకం సంపాదించారు. చివరకు దొంగదారి ఒకటి పెట్టారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, తన యంత్రంలోకి ప్రవేశించడానికి అర సెకను ఆలస్యం ఎందుకవుతున్నదని వెతికి దాన్ని పట్టుకున్నారు. ఇంటివారి మీదే అనుమానం గనుక ఆయన ఆ ప్రాజెక్టుకు ఉత్తరం రాయలేదు. డెబియన్ భద్రతా బృందానికి, తరువాత పంపిణీదారుల చావడికి చెప్పారు. 2024 మార్చి 29న లోకమంతటికీ తెలియజేశారు. నియమం తెలిసినవాడే దాన్ని ఎక్కడ పక్కన పెట్టాలో కూడా తెలుసుకుంటాడు.

దొరతనం వారికి ముందు చెప్పాలా అన్న పేచీ మరొకటున్నది. 2021 నవంబరు 24న చైనాలోని అలీబాబా క్లౌడ్ ఇంజనీరొకరు, లాగ్4జె అనే అపాచీ సాఫ్ట్‌వేరులో మహా ప్రమాదకరమైన లోపాన్ని, పద్ధతి ప్రకారం, అపాచీవారికి గుట్టుగా తెలియజేశారు. డిసెంబరులో అది బయటపడి లోకమంతా అల్లకల్లోలమైంది. తమకు వెంటనే చెప్పలేదని చైనా పరిశ్రమల మంత్రిత్వ శాఖ ఆ కంపెనీతో భద్రతా సమాచార సహకారాన్ని ఆరు నెలలు నిలిపివేసింది. దిద్దగలవాడికి ముందు చెప్పాలా, ఏలేవాడికి ముందు చెప్పాలా? కన్నం తెలిసిన చేతులు పెరిగేకొద్దీ గుట్టు పలచబడుతుందని మాత్రం మాకు తోస్తున్నది.

ఇటీవల ఈ పెద్దమనుషుల ఒప్పందానికి కొత్త చీడ పట్టింది. కర్ల్ అనే సాఫ్ట్‌వేరును స్వీడన్‌లో డేనియల్ స్టెన్‌బెర్గ్ అనే ఆయన ఏళ్ళ తరబడి నడుపుతున్నారు. లోపం చెప్పినవారికి 2019 నుంచి బహుమతి ఇచ్చేవారు. 2023లో ఒక పెద్ద లోపం వచ్చినప్పుడు, వివరాలు చెప్పకుండా, ‘అక్టోబరు 11న ముఖ్యమైన విడుదల ఉన్నది, సిద్ధంగా ఉండండి’ అని వారం ముందే దండోరా వేయించి, ఆ రోజున మరమ్మతు ఇచ్చారు. ఆ తప్పు రాసినది తానేనని కూడా దాచలేదు. అటువంటి మనిషికి, కృత్రిమ మేధతో అల్లించిన బూటకపు ఉత్తరాలు కుప్పలుగా రాసాగినవి. చూడటానికి పండితుడి ఉత్తరంలా ఉంటుంది. లోపల చూస్తే ఆ సాఫ్ట్‌వేరులో లేనే లేని పంక్తుల మీద ఆరోపణ. ఒక్కొక్క దాన్ని కాదని తేల్చడానికి గంటలు పట్టేది. చివరకు 2026 జనవరి నెలాఖరుతో ఆ బహుమతి పథకాన్ని ఎత్తివేశారు.

లిబ్‌ఎక్స్‌ఎమ్‌ఎల్2 అనే మరొక సాఫ్ట్‌వేరును జీతం లేకుండా చూస్తున్న ఆయన, 2025 జూన్‌లో, ఇక మీదట గుట్టూ లేదు గడువూ లేదు, భద్రతా లోపాలను కూడా మామూలు లోపాల్లాగే బహిరంగంగా చూస్తానని ప్రకటించారు. కోట్లు గడించే కంపెనీలు తన శ్రమను ఊరకే వాడుకుంటూ, గడువులు మాత్రం తనకు పెడుతున్నాయని ఆయన బాధ. మర్యాద ఒక పక్కనుంచే నడవదు. గుట్టుగా చెప్పేవాడికి ఓపిక ఎంత అవసరమో, వినేవాడికి అన్నం కూడా అంతే అవసరం.

చివరగా మన పిల్లల సంగతి. మా వీధిలో ఒక విద్యార్థి, ఒక సంస్థ పేజీలో తన రసీదు చూసుకుంటూ, సంఖ్య ఒకటి మారితే పక్కవాళ్ళ చిరునామాలు కనబడటం గమనించాడు. సంస్థ పేరు మాకు అనవసరం. ఎంతో వినయంగా వారికి ఉత్తరం రాశాడు. వచ్చిన జవాబు కృతజ్ఞత కాదు, పోలీసుల పేరు చెప్పి బెదిరింపు. ఆ తండ్రి మా దగ్గరకు వచ్చి కూర్చున్నప్పుడు ఆయన చేతులు వణుకుతున్నవి. పిల్లవాడు ఆ తరువాత ఎక్కడ ఏ లోపం కనబడినా నోరు మెదపనన్నాడు. నష్టపోయినది ఎవరు?

అందుకని మేనల్లుణ్ణి అడిగి తెలుసుకున్న నాలుగు జాగ్రత్తలు చెబుతున్నాము. ఓపెన్ సోర్స్‌లో ఒక గొప్ప సౌకర్యం ఉన్నది. మూలం తెచ్చుకొని మన సొంత యంత్రంలోనే పరీక్షించవచ్చు, ఎవరి గడపా తొక్కనక్కరలేదు. ఇతరుల యంత్రంలో అనుమతి లేకుండా చెయ్యి పెడితే, ఉద్దేశం మంచిదే అయినా, 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 43, 66 సెక్షన్ల కిందకు రావచ్చు. లోపం కనబడితే ఎంతవరకు చూస్తే రుజువవుతుందో అంతవరకే చూసి ఆగాలి. ప్రాజెక్టువారి భద్రతా కాగితం చదివి, అందులో చెప్పిన చోటికే రాయాలి. ఏ వెర్షను, ఏ మెట్లు, ఏమి జరిగింది అన్న మూడూ క్లుప్తంగా, సొంత బుద్ధితో రాయాలి. జవాబు రాకపోతే మళ్ళీ మర్యాదగా గుర్తుచెయ్యాలి. అప్పటికీ పలకకపోతే, మన దేశంలో 2004 నుంచి పనిచేస్తున్న సెర్ట్-ఇన్ అనే ప్రభుత్వ సంస్థ ఇటువంటి నివేదికలు తీసుకుంటుంది.

పెద్దలమైన మనకూ ఒక పని ఉన్నది. ఫోనులో ‘అప్‌డేట్’ అని వచ్చినప్పుడు రేపు చూద్దామని తోసేస్తాము. ఎక్కడో ముక్కూ మొగమూ తెలియని ముగ్గురు, పండుగ పూట అన్నం మానుకొని చేసిన మరమ్మతు అది. వారు గుట్టు విప్పిన రోజునుంచి దొంగకూ మనకూ పందెం మొదలవుతుంది. వారి గడువు ముగిసిన చోట మన గడువు ఆరంభమవుతుంది.